వెనక బల్ల

“వెనక బల్ల ఎందుకయ్యా దండగ, మా ఆవిడ ఉందిగా,” అన్నారు ఆయన ఫోనులో, నవ్వుతూ. అవతల తలుపుల మేస్త్రి కూడా నవ్వే ఉంటాడు. నేను సింకు దగ్గర టీ గ్లాసులు కడుగుతున్నాను. ఒక గ్లాసు చేతిలోంచి జారి సింకులో పడింది. పగల్లేదు. అయినా పక్కగదిలోంచి అత్తయ్య, “ఈ మధ్య నీ చేతులకి ఏం వచ్చిందే అమ్మాయ్, దేన్నీ నిలబెట్టవు,” అంది. నా చేతులకి ఏం వచ్చిందో అత్తయ్యకి తెలుసు, ఆయనకీ తెలుసు. తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చచ్చేంత నీరసం వస్తుంది. గ్లాసు తీసి మళ్ళీ కడిగాను.

మా వంటింటి గోడకి ఆనుకునే ఆయన షెడ్డు. జనానికి అల్మరాలు, వంటింటి అరలు చేసి ఇస్తారు. షెడ్డు మధ్యలో రంపం మిషను ఉంటుంది. ఇనుప బల్ల, దాని చీలికలోంచి సగం పైకి లేచి తిరిగే గుండ్రటి బ్లేడు, పక్కన చెక్కపలకని ఆనించి తిన్నగా తోసే గైడు పట్టీ. ఎవరో వాడి వదిలేసిన మిషను అది. ఇక దాని పని అయిపోయిందనీ, ఈసారి కొంటే కొత్తదే కొంటాననీ ఆయన పట్టుబట్టిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఇంకో మాట లేదు. సాయంత్రం అయ్యేసరికి మేస్త్రీలు చేరతారు. కంపెనీల పేర్లకి నోరు తిరగదు కాబట్టి మిషన్లమీది బొమ్మలతోనో రంగుతోనో పిలుస్తారు. “కొత్తగా కొనేవాళ్ళందరూ గద్దకే పోతున్నారు,” అంటాడు సోఫాల మేస్త్రి. “గద్దకి మోటారు గట్టిదే గానీ గైడు నిలవదు, పలక వంకర పోతుంది. ఏనుగైతే కళ్ళు మూసుకుని కోసుకోవచ్చు, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి,” అంటాడు తలుపుల మేస్త్రి. “నీలం మిషను చూశారా, చప్పుడే చెయ్యదు, పక్కన పడుకుని నిద్రపోవచ్చు,” అంటాడు ఇంకొకాయన. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఇంకా కొనని మిషను కోసం వీళ్ళు కొట్టుకు చస్తుంటే నేను టీలు అందిస్తాను. నన్ను చేసుకునే ముందు ఈయన నా గురించి ఇందులో పదోవంతు కూడా ఆరా తీసి ఉండరు. తీసిన ఆరా ఒక్కటేనని అత్తయ్య ఒకసారి మురిపెంగా చెప్పింది, పిల్ల చేతులు గట్టివేనా అని.

వెనక బల్ల అంటే మిషను వెనకవైపు తగిలించే ఇంకో బల్ల. కోసిన పలక బ్లేడు దాటి దానిమీదకి జారి ఆగుతుంది. కంపెనీ ఏదైనా సరే, దాన్ని విడిగా కొనుక్కోవాలి. మా షెడ్డులో ఆ బల్లని నేనే. ఆయన ముందు నిలబడి పలకని బ్లేడుమీదకి తోస్తారు. నేను వెనక నిలబడి, బయటికి వచ్చిన కొసని అందుకుని, కింద పడకుండా, వంగకుండా, ఆయన తోసినంత వేగంతోనే లాగాలి. నేనేం చేస్తున్నా సరే, గోడమీద చెక్కసుత్తితో రెండు దెబ్బలు వినిపిస్తే స్టవ్ ఆపేసి వెళ్ళిపోవాలి. కూర సగం ఉడికి ఉంటుంది, బట్టలు సబ్బునీళ్ళలో ఉంటాయి, ఒకప్పుడు మా అమ్మాయి బుజ్జి ఒళ్ళో పాలు తాగుతూ ఉండేది. రెండు దెబ్బలు పడితే అన్నీ అక్కడికక్కడే. పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో ఆయనకీ గుర్తుండదు. వెనక అంటారు గానీ, నిజానికి నేను ఆయనకి ఎదురుగానే ఉంటాను, మధ్యలో బ్లేడు. తల ఎత్తితే నేనే కనిపిస్తాను. ఆయన తల ఎత్తరు, గైడుమీది నుంచి చూపు తప్పితే కోత పాడవుతుంది. మోత వినపడకుండా చెవులకి పెట్టుకునేవి ఒక్క జతే ఉన్నాయి, అవి ఆయనవి.

కిందటి నెల ఒక పొడుగు పలక సగం తెగాక చీలిక మూసుకుని బ్లేడుని పట్టేసింది. అలా మూసుకోకుండా బ్లేడు వెనక చిన్న ఉక్కురేకు నిలబడి ఉండాలి. పనికి అడ్డం వస్తోందని ఆయనే దాన్ని ఎప్పుడో విప్పి మేకుకి తగిలించారు. పలక ఒక్కసారిగా ఆయనవైపు తన్నింది. కొసని పట్టుకుని ఉన్న నా చేతుల్ని కూడా తనతో లాక్కుపోయింది. నేను బల్లమీద బోర్లా పడ్డాను. ఆయన స్విచ్చు నొక్కారు. బ్లేడు తిరగడం ఆగేదాకా నా వేళ్ళవైపు చూసుకోవడానికి ధైర్యం చాలలేదు. చూస్తే అన్నీ ఉన్నాయి. బొటనవేలి గోరు కొస మాత్రం ఎవరో నేర్పుగా కత్తిరించినట్టు ఎగిరిపోయింది. “అంత గట్టిగా ఎందుకు లాగావు?” అన్నారాయన. అదే మొదటి మాట. తర్వాత నీళ్ళు తెచ్చిచ్చారు, భుజం నిమిరారు, ఆ పూటకి బయటినుంచి భోజనం తెప్పించారు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత కష్టం ఉండేది కాదు, ఎవరికైనా చెప్పుకుని ఏడ్చేదాన్ని.

ఆ సాయంత్రమే మేస్త్రీలకి చెప్పారు. నేను టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. “పలక ఇలా వెనక్కి తన్నిందయ్యా. వెంట్రుకవాసిలో తప్పుకున్నాను, లేకపోతే సరాసరి పొట్టలో దిగేది,” అన్నారు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆయన చెప్పినదాంట్లో పలక ఉంది, బ్లేడు ఉంది, ఆయన పొట్ట ఉంది. వెనక ఎవరూ లేరు. నా చేతుల్లో గ్లాసులు గలగలమన్నాయి. “చూశారా, నాకేమైపోతుందోనని మా ఆవిడ ఇంకా వణుకుతూనే ఉంది,” అన్నారు. అందరూ నావైపు ఆప్యాయంగా చూశారు. గొంతు చించుకుని అరవాలనిపించింది. చక్కెర సరిపోయిందా అని అడిగాను.

అప్పటినుంచి నాకొక పాడు ఆలోచన పట్టుకుంది. ఒక వేలు పోతే బాగుండునని. ఎక్కువ అక్కర్లేదు, ఎడమచేతి చిటికెన వేలు చాలు, దానితో నాకు పడే పని పెద్దగా ఏముంది? గోడమీద దెబ్బలు వినిపించినప్పుడల్లా వెళ్ళి నిలబడి, ఈ పలకకా, వచ్చే పలకకా అని ఎదురుచూసేదాన్ని. వేలు పోతే ఆసుపత్రి, కట్టు, పగటిపూట పడుకోవడానికి ఒక మంచం, ఆ తర్వాత ‘పాపం, ఇక తనని పిలవకండి’ అనే మాట. ఆ ఒక్క మాట కోసం వేలు ఇచ్చేయడానికి సిద్ధపడ్డాను. నోరు విడిచి చెయ్యనని చెప్పొచ్చుగా అంటారేమో. చెప్పాను. భయమేస్తోందండీ అన్నాను. “కొత్త మిషను వస్తే భయం ఉండదులే,” అన్నారు. అత్తయ్యతో అంటే, “మగాడు ప్రాణాలకి తెగించి ముందు నిలబడుతుంటే, వెనక పట్టుకోవడానికి నీకు భయమేంటే?” అంది. మా అమ్మకి ఫోను చేస్తే, “ఎవరింట్లో లేదు చెప్పు,” అంది. పోనీ ఎక్కడికైనా పోదామంటే నాకు చేతనైన పని ఒక్కటే, ఎవరో తోసినదాన్ని పట్టుకోవడం.

ఇందాకటి ఫోను పెట్టేసి ఆయన వంటింట్లోకి వచ్చారు. “తలుపుల మేస్త్రి కొత్త ఏనుగు తెచ్చాడు. నడిపి చూపిస్తానంటున్నాడు, పద,” అన్నారు. చేతులు తుడుచుకుని వెళ్ళాను.

వాళ్ళ షెడ్డులో మగవాళ్ళు మిషను చుట్టూ చేరి మోటారు చప్పుడుకి తలలూపుతున్నారు. మిషను వెనక తలుపుల మేస్త్రి భార్య నిలబడి ఉంది. కోత అయ్యాక వాళ్ళు గైడు కొలుచుకుంటుంటే ఆవిడ మంచినీళ్ళకని నన్ను లోపలికి తీసుకెళ్ళింది. “మీరేది కొంటున్నారు?” అంది. “ఇంకా తేల్లేదండీ. మీరేది మంచిదంటారు?” అన్నాను. ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడిగి ఉండరు. గ్లాసుతో నీళ్ళు ముంచుతూ, “గద్దయితే రంపపు పొట్టు మొత్తం కళ్ళలో కొడుతుంది. ఏనుగైతే కాళ్ళమీద పోస్తుంది. నీలం దాని వెనక మా చెల్లెలు నిలబడుతుంది, బల్ల ఎత్తు తక్కువట, నడుం పడిపోతోందంటుంది. మాకిది మూడోదమ్మా. మిషను మారింది గానీ వెనక మనిషి మారలేదు,” అంది. నీళ్ళ గ్లాసు అందిస్తుంటే అప్పుడు చూశాను. ఆవిడ ఎడమచేతికి చిటికెన వేలు లేదు, పక్క వేలు సగమే ఉంది. ఆ చేతిమీంచి చూపు తిప్పుకోలేకపోయాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, అది జాలి కాదు, ఆశ. “వేలు పోయాక మిమ్మల్ని ఇక మానిపించలేదా?” అని అడిగాను.

“మానిపించారుగా, కట్టు విప్పేదాకా,” అంది. “ఆ తర్వాత, పట్టుకోవడానికి మిగతావి చాల్లే అన్నారు.”

ఎగతాళిగా కూడా అనలేదు, సరుకులు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. ఇంతలో షెడ్డులోంచి చెక్కమీద సుత్తి దెబ్బలు వినిపించాయి. వాళ్ళింట్లో మూడు కొడతారట. ఆవిడ మాట మధ్యలో ఆపేసి వెళ్ళిపోయింది. తిరిగి వస్తూ దారంతా ఆయన ఏనుగు గురించి చెప్తూనే ఉన్నారు. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయాక మనిషి ఎటు నడవాలో తెలియక ఆయన వెనకే నడిచాను.

మర్నాడు ఉదయం తలస్నానం చేస్తుంటే గోడమీద రెండు దెబ్బలు. “వస్తున్నా,” అని అరిచాను, వినపడదని తెలిసీ. మళ్ళీ రెండు దెబ్బలు. తలమీద నురగతోనే బట్టలు వేసుకుని బయటికి వచ్చేసరికి మిషను మోగుతోంది. పలక నడుస్తున్న మోత అది. పలక నడుస్తోందంటే వెనక ఎవరో ఉన్నారు. పరిగెత్తి షెడ్డు గుమ్మంలోంచి చూస్తే నా చోట మా బుజ్జి. పరీక్షలకి చదువుకుంటున్నదల్లా నా బదులు వచ్చి నిలబడింది. జడ వేసుకోలేదు, జుట్టు భుజంమీంచి ముందుకి పడి పలకమీద ఊగుతోంది. నాలాగే కింది పెదవి కొరుకుతూ కొసని లాగుతోంది. పిలిస్తే ఉలిక్కిపడుతుందని పిలవలేదు. ఆ పలక రెండుగా విడిపోయేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో తెలియదు. నురగ కళ్ళలోకి దిగి మండుతున్నా రెప్ప వెయ్యలేదు. ఆయన మిషను ఆపి, చెవులమీదివి తీసి, “చూశావా, నీకన్నా ఒడుపుగా పట్టింది,” అన్నారు. బుజ్జి నావైపు చూసి గర్వంగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేనూ ఆ మిషను వెనక నిలబడి అలాగే నవ్వాను.

దాన్ని లోపలికి తీసుకెళ్ళి జడ అల్లడం మొదలుపెట్టాను. నా వేళ్ళలోంచి పాయలు జారిపోతున్నాయి. “అమ్మా, నీకు భయం కదా. అప్పుడప్పుడూ నేను పడతాలే,” అంది. నామీద ప్రేమతోనే అంది. ఇక ఏడుపు ఆగలేదు. దాని చేతులు ఒళ్ళోకి తీసుకుని ఒక్కొక్క వేలే పట్టుకుని చూస్తుంటే చక్కిలిగింతలని నవ్వుతోంది. నా వేలు పోతే పోనీ అనుకున్నదాన్ని, దాని గోరు కొస పోతుందని అనుకోవడానికి కూడా ప్రాణం ఒప్పలేదు. నిజంగానే నా వేలు పోయి నేను మంచమెక్కి ఉంటే, నా చోట ఎవరు నిలబడేవారో ఇన్నాళ్ళూ నాకు తోచనే లేదు. నా విశ్రాంతి కోసం నా కూతుర్నే రాసిచ్చేదాన్ని. బుజ్జి నా కన్నీళ్ళు చూసి, తను తప్పు చేసిందేమోనని బిక్కమొహం వేసింది. నీ తప్పేం లేదని చెప్పి జడ పూర్తిచేశాను, గట్టిగా, ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా.

ఆ మధ్యాహ్నం మిషన్ల షాపుకి వెళ్ళాం. “నువ్వూ రా, బండిలోకి ఎక్కించేటప్పుడు ఒక చెయ్యి వేద్దువుగాని,” అన్నారు ఆయన. షాపులో కొత్త మిషన్లు వరసగా మెరుస్తున్నాయి. షాపాయన ఆయనకి కుర్చీ వేశాడు, నేను ఆయన వెనక నిలబడ్డాను. “ఏనుగు మంచి ఎంపికండీ, కొత్తగా కొనేవాళ్ళు ఎక్కువమంది ఇదే అడుగుతున్నారు,” అంటూ పెన్ను తీశాడు. బ్లేడు ఎంత సైజుదో, మోటారు ఏ కరెంటుకో అడిగి రాసుకున్నాడు. “వెనక బల్ల కూడా వెయ్యమంటారా?” అన్నాడు.

“ఎందుకండీ దండగ, మా ఆవిడ ఉందిగా,” అన్నారు ఆయన. తిరిగి చూడలేదు, బొటనవేలితో భుజంమీంచి వెనక్కి చూపించారు.

“లేనండీ,” అన్నాను.

షాపాయన పెన్ను ఆగింది. ఆయన నవ్వారు. “ఈ మధ్య కాస్త జడుసుకుందిలెండి. తను కాకపోతే మా అమ్మాయి ఉంది. ఇవాళే చూశాను, బ్రహ్మాండంగా పడుతోంది,” అన్నారు.

ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో నాకు తెలియదు. అత్తయ్య ఏమంటుందో మాత్రం తెలుసు. కొత్త మిషను చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి, నాకు అలవాటైన చోటనే నిలబడ్డాను. చల్లటి ఇనుముమీద రెండు చేతులూ పెట్టాను. వణుకుతూనే ఉన్నాయి, దాచుకోలేదు. ఆయన తల ఎత్తి చూశారు.

“అమ్మాయి కూడా లేదు,” అన్నాను షాపాయనతో. “వెనక బల్ల వెయ్యండి. ఈ మిషను వెనక నిలబడటానికి మా ఇంట్లో మనుషులెవరూ లేరు.”