తడి రంగు

కాలవ మీద పడవల్ని దాటించే మిల్‌మీడ్ లాకు దగ్గర శనివారాల పనంతా గ్లెనిస్ అజమాయిషీలో సాగుతుంది. జీతం లేని పనే కదా అని ఎవరైనా బద్ధకిస్తే ఆవిడ ఊరుకోదు. ఆ ఉదయం లాకు తలుపును తిప్పే పొడవాటి దూలానికి చివర తెల్లరంగు వేశారు. "తడి రంగు, ముట్టుకోవద్దు" అని అట్టమీద రాసి తనే వేలాడదీసింది.

"క్లైవ్, నీకే చెప్తున్నా. పోయినేడు నీ మోచెయ్యి చేసిన నిర్వాకం నేనింకా మర్చిపోలేదు."

"ఒక్క మోచేతికి ఎన్నాళ్ళు సాధిస్తారండీ!" అన్నాడు క్లైవ్ ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటూ.

అంతలో కాలవ మలుపులో పడవ హారన్ మోగింది. గ్లెనిస్ తూములెత్తి, లాకు నిండేదాకా కనిపెట్టుకుని నిలబడింది. నిండగానే, ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నట్టే వెనక్కి తిరిగి, దూలం చివరికి పిరుదులు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి నెట్టింది. తలుపు తెరుచుకుంది. పడవ లోపలికొచ్చింది. అప్పుడు తగిలింది ఆవిడకి, వెనక చల్లగా.

దూలం మీద ఆవిడ ప్యాంటు అచ్చు, జేబు గుండీతో సహా, చక్కగా పడింది. ఎవరూ నవ్వలేదు. క్లైవ్ అయితే టీ కప్పు కూడా కింద పెట్టేశాడు.

గంట తర్వాత మరో పడవ వచ్చింది.

"నేను నెడతాలెండి," అన్నాడు క్లైవ్.

"నీ అచ్చు కూడా పడాలా? జరుగు."

గ్లెనిస్ వెనక్కి తిరిగి, భుజం మీంచి ఒకసారి గురి చూసుకుని, సరిగ్గా ఆ అచ్చులోనే ఆనుకుని నెట్టింది.