సైరన్ మోగితే లోపలికి

కారిడార్లో అడ్డంగా ఉన్న ఇనుప బీరువాలను జరిపించాలి. కెమిస్ట్రీ ల్యాబులో గ్యాస్ సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టించాలి. ఎప్పుడూ మూసి ఉండే వెనక గేటు తాళం తీయించాలి. భూమి కదిలితే బల్ల కింద దూరి తల కాపాడుకోవాలని, సైరన్ మోగగానే మెట్లు దిగి మైదానంలోకి రావాలని ప్రతి క్లాసులోనూ చెప్పాలి.

కర్నూలులోని మా యూనివర్సిటీలో భూకంపం డ్రిల్ పెట్టినప్పుడు పై అంతస్తు బాధ్యత లెక్చరరునైన నాకిచ్చారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. అప్పగించిన పని అప్పగించినట్టు చేయడం నాకు అలవాటు. అన్నీ చేశాను. అయితే మొదటి సంవత్సరం మధులత జ్వరంతో ఊరికి పోయి డ్రిల్ రోజు పొద్దున్నే తిరిగొచ్చింది. నేను చెప్పినవేవీ ఆ పిల్ల వినలేదు.

సైరన్ మోగింది. అందరూ నవ్వుకుంటూ దిగారు. నిజంలా ఉండాలని ఫైర్ సిబ్బంది మెట్ల దగ్గర పొగ పెట్టారు. మైదానంలో పేర్లు పిలిచాను. మధులత పలకలేదు. తను కిందికి రాకుండా అందరికీ ఎదురు కారిడార్లోకి పరుగెత్తిందని ఆమె స్నేహితురాలు స్తుతి చెప్పింది.

మధులతకు ఉబ్బసం. హాస్టల్లో చేర్చిన రోజు వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుని, పాపకు పొగ పడదని, ఒక కన్నేసి ఉంచమని మరీమరీ చెప్పింది. డ్రిల్ నడిపిస్తున్న భూపేష్ సారుకు ఒక మాట చెప్పి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పైకి పరుగెత్తాను.

క్లాసులన్నీ ఖాళీ. చివరన పాత పరీక్ష పేపర్లు పెట్టే గదికి లోపలినుంచి గడియ వేసి ఉంది. కొట్టాను. తలుపు కొంచెం తెరుచుకుంది. ఒక చెయ్యి నన్ను లోపలికి లాగి మళ్ళీ గడియ పెట్టింది. మధులతే. వెనక మా అటెండరు పుల్లయ్య పేపర్ల కట్ట మీద కూర్చుని ఉన్నాడు.

"నన్ను గూడా ఈడ్చుకొచ్చిందమ్మా ఈ పాప. బయట ఉంటే తల పగులుతాదంట," అన్నాడు.

సైరన్ వినపడలేదా అని మధులతను అడిగాను.

"ఇనపడే కదా మేడం ఈడికొచ్చింది. అది మోగినాక ఎవరన్నా బయట నిలబడతారా? రాళ్ళు పడవా?"

మధులతది బేతంచెర్ల దగ్గర, రాతి గనుల పక్క ఊరు. గనిలో మందు పేల్చే ముందు సైరన్ మోగిస్తారట. వీధిలో ఆడుకునే పిల్లలు, అరుగు మీది ముసలివాళ్ళు, అందరూ ఇళ్ళలోకి దూరాలి. నడక వచ్చినప్పటినుంచీ ఆ పిల్లకు తెలిసింది అదే. తలుపు మూసి ఉండబట్టి గదిలోకి పొగ రాలేదు. వీపు మీద చెయ్యి వేసి చూశాను. ఊపిరి చక్కగా ఆడుతోంది. నాకు నవ్వూ కన్నీళ్ళూ కలిసి వచ్చాయి.

"ఇంతకీ రాళ్ళు పడేదుండాదా, లేదా? టీ తాగల్ల," అన్నాడు పుల్లయ్య.

పొగ పోయేదాకా ఆగి ముగ్గురం దిగాం. భూపేష్ సారు సంగతి విని, ఇంకెవరికైనా లోపలికి పోవాలనిపించిందా అని అడిగాడు. గనుల ఊళ్ళ పిల్లలు ఒక్కొక్కరే సిగ్గుపడుతూ చేతులెత్తారు. మిగతావాళ్ళను చూసి దిగారంతే. తర్వాతి డ్రిల్‌కు మైకులో "బయటికి రండి" అని చెప్పించాం.

మీరెక్కడైనా ఇలాంటి డ్రిల్ పెడితే, పిల్లలకు చెప్పే ముందు వాళ్ళు ఇంటి దగ్గర ఏం నేర్చుకుని వచ్చారో అడగండి. అడిగేటప్పుడు మా మధులతను, తనొక్కతే దాక్కోకుండా ముసలాయన చెయ్యి పట్టి లాక్కెళ్ళిన పిల్లను, ఒకసారి గుర్తు చేసుకోండి.