మోకు పట్టినవాడు

నరసింహమ్మవ్వను వెదురు బండి చక్రానికి కట్టేసినప్పుడు కాశమ్మ అక్కడే ఉంది. అవ్వ చేసిన నేరమల్లా గుడిసె కప్పుకు నాలుగు బొంగులు కొట్టుకోవడం. ఆమె పుట్టిన అడవే, ఆమె తాతలు తిరిగిన అడవే. కానీ ఆ ఏడు వెదురంతా వేలంలో పాడుకున్నది ఆళ్లగడ్డ కంట్రాక్టరు శేషయ్య. అందుకని దొంగ అవ్వే అయింది. ఎండలో తల వాల్చేసిన ముసలిదాన్ని చూస్తూ శేషయ్య చెట్టు నీడన మజ్జిగ తాగాడు.

కాశమ్మ మొగుడు రాముడు ఎవరినీ అడగలేదు. కొడవలితో కట్లు కోసి, అవ్వను భుజాన వేసుకుని గూడేనికి తెచ్చాడు. మర్నాటి నుంచి గూడెంలో ఒక్కరూ కంట్రాక్టరు కూలికి వెదురు నరకలేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మన రాష్ట్రం, మన సర్కారు అని పట్నాల్లో సంబరపడుతున్నారు. నల్లమల అంచున ఉన్న ఈ చెంచుగూడేనికి మాత్రం ఆ సర్కారు ఫారెస్టు గార్డు రూపంలో తప్ప ఎన్నడూ కనిపించలేదు.

సంగతి తెలిసి నంద్యాల నుంచి లక్ష్మీనారాయణ వచ్చాడు. కోయిలకుంట్ల వైపు భూములున్న ఇంటి బిడ్డ. ప్లీడరు దగ్గర పని నేర్చుకుంటూ కూలీల సంఘం నడిపేవాడు. మంచివాడే, అబద్ధం ఎందుకు? గూడెంలో సంకటి తిన్నాడు, నేలమీద పడుకున్నాడు. "మీరు గట్టిగా నిలబడండప్పా, మీ వెనక నేనుంటా" అన్నాడు. జనం నమ్మారు. బండ్లు ఖాళీగా నిలిచిపోయాయి. శేషయ్య మొహం మాడిపోయింది.

అంతలో బండ్లవాళ్ళు వండుకున్న పొయ్యి నిప్పు గాలికి లేచి వెదురు కుప్పకు అంటుకుంది. అందరూ చూశారు. శేషయ్యా చూశాడు. అయినా తెల్లారేసరికి పోలీసులను వెంటబెట్టుకుని దిగాడు.

"నిప్పు పెట్టినోడంటూ ఒకణ్ణి అప్పజెప్పండి. ఎవడైనా నాకు ఒకటే. ల్యాకపోతే గూడెం మొత్తం లేపిస్తా" అని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం గూడెమంతా ఒకచోట కూర్చుంది. కొట్లాడదామన్నారు కొందరు. పిల్లోళ్ళను ఎత్తుకోని యాడికి పోదామన్నారు కొందరు. అరుపులు సద్దుమణిగాక లక్ష్మీనారాయణ లేచాడు.

"కోపం పక్కన బెట్టి ఆలోచన చెయ్యండి. ఒక పని మంచిదా చెడ్డదా అనేది దాని ఫలితాన్ని బట్టి చూడాల. ఒకడు పోతే గూడెం నిలుస్తాది, సమ్మె నిలుస్తాది. ఎవరూ పోకపోతే అందరి బతుకులూ వీధిన పడతాయి. పోయినోణ్ణి నేను విడిపిస్తా. నంద్యాలలో వకీలును పెడతా, ప్రతి వాయిదాకూ నేనే వస్తా."

"ఏ తప్పూ చెయ్యనోణ్ణి మన చేతుల్తో మనమే పట్టియ్యడం ఏందయ్యా?" అంది నరసింహమ్మ.

"తప్పేనవ్వా, కాదనను. చిన్న తప్పుతో పెద్ద తప్పును ఆపుతాండాం."

మాట నున్నగా ఉంది. ఎక్కడ పట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఎవరు పోతే తక్కువ నష్టమో మీరే చెప్పండన్నాడు లక్ష్మీనారాయణ. ఒకడికి చంటిబిడ్డ. ఇంకొకడికి చూపులేని తల్లి. చివరికి కాశమ్మ తమ్ముడు పాపయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా బావకు పిల్లల్లేరు గదా" అన్నాడు.

ఈ పాపయ్య రాముడికి ఏమవుతాడో సరిగా చెప్పాలి. చెంచులు తేనె కోసం కొండ చరియ మీద నుంచి మోకు పట్టుకుని దిగుతారు. పైన ఆ మోకు పట్టేది బామ్మర్దే, వేరొకడి చేతికి ఇవ్వరు. ఇంకెవడైనా పాత పగతోనో, ఈగలు ముసిరితేనో వదిలేయవచ్చు. అక్క మొగుడు వేలాడే మోకును తమ్ముడు వదలడు. కాశమ్మ పెళ్ళయిన నాటి నుంచి ప్రతి వేసవిలోనూ రాముడు పాపయ్యను నమ్మే దిగాడు. ఈగలు కుట్టి పాపయ్య చేతులు ఎన్నిసార్లు వాచాయో కాశమ్మకు తెలుసు. ఆకు పసరు రాసింది ఆమే.

అందుకే ఆ మాట ముందు ఆమె తలకెక్కలేదు. ఎక్కాక తమ్ముడి వైపు తిరిగింది. పిల్లల్లేరు సరే, నేను లేనా, నేను మనిషిని కానా అని అడగాలనుకుంది.

రాముడు మాత్రం నవ్వాడు. "మోకు పట్టేటోడే దిగమంటే ఇంక భయమేముంది? పోతా. వదలొద్దురా పాపయ్యా" అన్నాడు.

వదలను బావా అన్నాడు పాపయ్య.

మొదటి వాయిదాకు లక్ష్మీనారాయణ వచ్చాడు. తర్వాతి వాయిదా రోజునే మిల్లు కూలీల పెద్ద సభ పడింది. అక్కడ వందల మంది, ఇక్కడ ఒక్కడు. తను నేర్పిన లెక్కే తనూ వేసుకుని సభకు వెళ్ళాడు. ఆ తర్వాత ఇంకో సభ. తను పోతే పిల్లలకు గడ్డలు తవ్వేదెవరని పాపయ్యా ఆగిపోయాడు. కోర్టు బయట కాశమ్మ ఒక్కతే కూర్చునేది. రాముడు ఆమె వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని చూసేవాడు. ఆ చూపుకు ఆమె చచ్చిపోయేది.

సమ్మె నిలిచిందా అంటే అదీ లేదు. పక్కవాణ్ణి అప్పజెప్పిన జనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఒక్కొక్కరే తల వంచుకుని మళ్ళీ వెదురు నరకడానికి వెళ్ళారు. వానలకు ముందు, రాముడు జైల్లో జ్వరమొచ్చి చనిపోయాడని కబురొచ్చింది. శవాన్నీ వాళ్ళే పూడ్చేశారట.

లక్ష్మీనారాయణ ఏడుస్తూ వచ్చాడు. "ఇట్లయితాదని అనుకోలేదు కాశమ్మా."

"నీ తూకంలో నా మొగుడు తేలికైనాడు. తేలికేనని ఆ పొద్దు మేమంతా ఒప్పుకున్యాం. తేలికైనోని వాయిదాకు నువ్వెందుకు వస్తావయ్యా?" అంది.

వానలు వెనకబట్టాక శేషయ్య మళ్ళీ పోలీసు జమేదారుతో, జవాన్లతో వచ్చాడు. బొంగులు మాయమయ్యాయట. "రచ్చ వద్దప్పా. పోయినసారి మాదిరే ఒకణ్ణి ఇయ్యండి" అన్నాడు, పొరుగింట్లో మజ్జిగ అడిగినంత తేలిగ్గా.

పాపయ్య లేచాడు. మనిషి సగమైపోయాడు. "నేను పోతానక్కా. ఈసారి నన్ను పోనీ."

కాశమ్మ గుడిసెలోకి వెళ్ళి తేనె మోకు తెచ్చింది. బండ్ల దారికి అడ్డంగా పరిచి, ఒక కొస నరసింహమ్మ చేతికిచ్చింది. ఒక్కొక్కరే వచ్చి మోకు పట్టుకుని దారిలో కూర్చున్నారు. పాపయ్యా చెయ్యి చాచాడు. కాశమ్మ అతనికి అందకుండా మోకు లాగేసుకుంది.

"నీ చేతికి మోకు ఇయ్యను, నేను బతికుండంగా ఇయ్యను. అట్లని నిన్నూ వాళ్ళకియ్యను. కూర్చో."

పాపయ్య మోకు ముందర, మట్టిలో కూలబడి, పెద్దగా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. ఎవరూ లేచి పొమ్మనలేదు.

"ఏందీ ఇది? ఒకడు చాలంటాండా గదా!" అరిచాడు శేషయ్య.

"ఒకడు లేడు. ఈడ ఒకడు అనేటోడు ఇంక లేడు. అందరం ఉండాం" అంది కాశమ్మ.

లాఠీలు లేచాయి. ఎవరూ మోకు వదల్లేదు. చివరికి లారీ తెప్పించి ముసలీ ముతకా, పిల్లా మేకా అందరినీ ఎక్కించారు. లారీ ఆళ్లగడ్డ సంత మధ్యకు వచ్చేసరికి జనం అడ్డమొచ్చి ఆగింది. మూటలు మోసే హమాలీ ఒకడు పైకి చూసి కేకేశాడు.

"ఏం చేసినారమ్మా ఇంతమందీ?"

"మాలో ఒకణ్ణి ఇయ్యమన్నారన్నా. ఇచ్చేది ల్యాదని చెప్పినాం" అంది కాశమ్మ.

హమాలీ వీపు మీది మూట కిందికి దించాడు. పక్కవాడూ దించాడు. లారీ డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు, దారి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.