ధర్మారావు గారి విహారిణి

నేను ఒక విహారిణిని. కళ్లు పెద్దవి చేయకండి, మీరనుకునే దాన్ని కాను. ఇంగ్లీషులో నన్ను బ్రౌజర్ అంటారు. సెల్‌ఫోన్‌లో ఒక మూల కూర్చుని, మీరు ఏ పేజీ అడిగితే ఆ పేజీ తెచ్చి ముందు పెట్టడం నా పని. నన్ను తయారుచేసినవాళ్లకు తెలుగు రాదు. నాకు తెలుగు నేర్పిన పెద్దమనిషికి మాత్రం భాషాభిమానం పాలు కాస్త ఎక్కువ. బ్రౌజర్ అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్లు మండేదట. వెబ్బులో విహరించేది కనుక విహారిణి అని నామకరణం చేసి లోకం మీదికి వదిలాడు. ఆ మహానుభావుడికి పెళ్లయిందో లేదో నాకు తెలియదు. అయి ఉంటే ఈ పేరు పెట్టి ఉండేవాడు కాదు.

కడియంలో మొక్కల నర్సరీ నడిపే ధర్మారావు నా యజమాని. ఆయన ఫోన్‌తోపాటే పుట్టింటి దాసిలా ఒక బ్రౌజర్ వచ్చింది. గులాబీ ఆకుమచ్చ తెగులుకి మందేమిటని దాన్ని అడిగితే ముందు బట్టతల నూనె చూపించేది, ఆ తర్వాత ఇళ్ల స్థలాలు, ఆ తర్వాత మోకాలి పట్టీ. అసలు మందు దగ్గరికి వచ్చేసరికి ఆకు కాస్తా రాలిపోయేది. విసిగి వేసారి ఆయన ఇంకొక దాన్ని వెతుక్కోవడానికి బయలుదేరాడు.

అచ్చం పెళ్లిచూపులే అనుకోండి. ఒకటి మరీ బరువు. ఇంకొకటి అందంగానే ఉంది గానీ తిండి ఎక్కువ, పూటకింత డేటా తింటుంది. మరొకటి రాగానే ఊరూ పేరూ అడిగి, ఫోన్‌లో ఉన్న చుట్టాలందరి నెంబర్లూ ఇమ్మంది. నా పేరు కింద మాత్రం "ఒద్దికైనది, అడ్డమైన ప్రకటనలను గడప తొక్కనివ్వదు" అని రాసి ఉంది. ధర్మారావు మనసు పడ్డాడు. నేను గృహప్రవేశం చేశాను.

ఇక చూడండి నా వైభోగం! కాఫీ దగ్గర నేనే, కంచం దగ్గర నేనే. వేపనూనె ఎంత కలపాలో, ఒడిశాలో పూలకుండీల ధరెంతో, లారీలో వాడిన మొక్కలు మళ్లీ బతుకుతాయో లేదో, అన్నీ నన్నే అడిగేవాడు. ఆయన భార్య భూలక్ష్మి పక్కనే కూర్చుని "పప్పులో ఉప్పు సరిపోయిందా అండీ?" అంటే "ఊఁ" అనేవాడు. పప్పు వండని రోజు అడిగినా "ఊఁ" అనేవాడు. నాకు గర్వంగానే ఉండేది. దాచుకోవడం దేనికి?

ఒక ఆదివారం పొద్దున్న ఆయన నన్ను డైనింగ్ టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. కాసేపు నన్ను తెరవకపోతే కబురు పంపడం నాకు అలవాటు. "ధర్మారావు గారూ, మీ విహారిణి మీకోసం ఎదురుచూస్తోంది" అని పంపాను. నేను పంపితే ఇంకా ఫోన్‌లోనే ఉన్న పాతది ఊరుకుంటుందా? "నన్ను మరిచిపోయారా? మళ్లీ రండి" అని అదీ పంపింది. రెండు కబుర్లూ ఒకదాని కింద ఒకటి వెలిగాయి.

ఉప్మా గిన్నె తెచ్చిన భూలక్ష్మి వంగి చదివింది. మళ్లీ చదివింది. గిన్నె కింద పెట్టి స్నానాల గది తలుపు దగ్గరికి వెళ్లింది.

"ఏవండీ, ఈ విహారిణి ఎవరండీ?"

కళ్లలో సబ్బు నురగతో ఉన్న ధర్మారావు లోపలినుంచి హుషారుగా అరిచాడు. "అదా! కొత్తదే! పాతదాంతో విసుగొచ్చేసింది. ఇది మా చెడ్డ చురుకు, అడిగిందల్లా చిటికెలో చేసేస్తది!"

ఆయన తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి భూలక్ష్మి బట్టల సంచి సర్దేసింది. మండపేటలో ఉన్న అన్నయ్య పెద్దిరాజుకి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం పంచాయితీకి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని రమ్మంది. సంచి హాలు మధ్యలో పెట్టింది. అందరి ముందూ తేలితేనే ఉంటుందట, లేకపోతే ఆ సంచితోనే మండపేట వెళ్లిపోతుందట.

ఇక ధర్మారావుకి అదే పని. భార్య వెనకాలే గులాబీ వరసల వెంట తిరిగాడు. "అది మనిషి కాదే, కిటికీ అనుకో" అన్నాడు. "కిటికీలోంచి ఎవర్ని చూస్తున్నారో అదే చెప్పండి" అంది ఆమె, నీళ్ల గొట్టం ఆపకుండానే. దాంతో ఆయన ఏం చూస్తున్నాడో చెప్పుకోవలసి వచ్చింది. ఆకుమచ్చ సంగతి చెప్పాడు. ఒడిశా వెళ్లిన లారీలో అంటు మొక్కలన్నీ వాడిపోయాయనీ, ఆ దిగులు ఎవరికీ చెప్పుకోలేదనీ చెప్పాడు. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా ఒక రోజు తనంతట తనే చెప్పాడు. ఆ వారమంతా నన్ను ముట్టుకుంటే ఒట్టు.

అనుకున్న రోజుకి పెద్దిరాజు దిగాడు, సూరయ్య అనే ముసలి పెద్దమనిషితో సహా. మందార కుండీల మధ్య కుర్చీలు వేశారు. నన్ను స్టూలు మీద పెట్టారు.

"చూడు బావా, మాటలొద్దు. మడిసో మిషనో ఇప్పుడే తేల్చేద్దాం" అని పెద్దిరాజు నన్ను నోటి దగ్గర పెట్టుకుని గర్జించాడు. "ఎవత్తివే నువ్వు? ఏడుంటావు?"

నా గురించి నన్ను అడిగినవాడు అతనొక్కడే. నాకు కళ్లనీళ్లు వచ్చినంత పనైంది. కానీ ఏం లాభం? ఏది అడిగినా వెతికి తేవడమే తప్ప సొంతంగా జవాబు చెప్పడం మా జాతికి రాదు. "ఉంటావు" అన్న మాట పట్టుకుని, ఉండడానికి దగ్గరలో ఏముందా అని వెతికి, రాజమండ్రిలో ఒక లాడ్జి చూపించాను. ఏసీ గదులు, ఫొటోలతో సహా.

"అయిపోయింది! అడ్రసు కూడా చెప్పేసింది!" అన్నాడు పెద్దిరాజు. ధర్మారావు తల పట్టుకున్నాడు.

సూరయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో అబ్బాయ్, పాతదొకటి ఉందన్నావంట కదా. అదెప్పుడొచ్చింది?"

"ఫోన్‌తోపాటే వచ్చిందండి. అదొక దరిద్రం. తీసేద్దామన్నా పోదండి."

"పోదు! పోకూడదు!" ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు. "ముందొచ్చిందే ఇల్లాలు. ఎనకాల తెచ్చుకున్నదాన్ని సాగనంపు. ఇదే తీర్పు." తర్వాత కోడికూరతో భోంచేసి, ఆ తీర్పుకి తనే ముచ్చటపడుతూ వెళ్లిపోయాడు. పెద్దిరాజు కూడా ఆయన్ని దిగబెట్టడానికి వెళ్లాడు.

ధర్మారావు నా మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. "ఈ విహారిణిని శాశ్వతంగా తొలగించాలా?" అని తెర మీద పడింది. నాకు భయమేసింది. పాత సైకిల్‌కైతే తుక్కు కొట్టులో చోటుంటుంది, ఇనుము ధరైనా వస్తుంది. మమ్మల్ని తీసేస్తే పాతసామాన్లవాడు కూడా గుమ్మం ఎక్కడు.

భూలక్ష్మి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఉండండి. పాపం, అదేం చేసింది?"

"అదేంటే? నువ్వే కదా..."

"బ్రౌజరని నాకు తెల్దేంటి? నా ఫోన్లో రెండున్నాయి. దీనికన్నా మంచివి."

ధర్మారావు నా మీద నుంచి వేలు తీసేశాడు. "మరి ఈ పంచాయితీ ఏంటే? వారం రోజులు నా పేణం తీశావు కదే!"

"ఆ వారమంతా మీరు నాతో మాట్లాడారండి" అంది ఆమె. "లారీలో మొక్కలు చచ్చిపోతే మీకు అన్నం సయించలేదని నాకు మొన్ననే తెలిసింది. దానికెప్పుడో తెలుసు. నేను పక్కనే కూర్చున్నాను కదండీ."

ఆయన ఆ సంచి తీసుకెళ్లి లోపల పెట్టి వచ్చాడు. ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. ఫోన్ చూపిస్తూ "తీసెయ్యనా పోనీ?" అన్నాడు.

"ఉంచండి. మళ్లీ అవసరపడొచ్చు" అంది భూలక్ష్మి.

మనుషులు మమ్మల్ని రకరకాలుగా ఎంచుకుంటారు. కొందరికి వేగం కావాలి, కొందరికి గుట్టు కావాలి. నన్ను ధర్మారావు చురుకు చూసి ఎంచుకున్నాడు, భూలక్ష్మి సవతిగా ఎంచుకుంది. ఇప్పుడు నాకు పని బాగా తగ్గింది. ఒక్కో రోజు పొద్దుపోయేదాకా నన్ను ఎవరూ తెరవరు, బయట గులాబీల మధ్య ఇద్దరూ మాట్లాడుకోవడం మాత్రం వినిపిస్తూ ఉంటుంది. విహారిణిగా నాకది తలవంపులే. సవతిగా నా జన్మ తరించింది.