ఉత్తరం తెచ్చిన సోదరి

ఆ సాయంత్రం గిన్నెలు ఆయన కడిగాడు. తాగిన గ్లాసు సింకు దాకా మోసి ఎరగని మనిషి చొక్కా చేతులు పైకి మడుచుకుని బాణలి అడుగున మాడు కూడా గీకి పెట్టాడు. ఆమెకు సంతోషం కలగాలి గానీ భయం వేసింది. కొడుకు అంట్లు తోముతుంటే అత్తగారు ముక్కున వేలేసుకోవలసింది పోయి, "చెయ్యనీలే. నువ్వు కళ్ళు అలిసిపోకుండా చూసుకో, పనుందిగా," అంది. దాంతో ఆ భయం రెట్టింపయింది.

ఆ పని బల్ల మీద, దీపం కింద ఉంది. రెండు గాజుపలకల మధ్య అరచేయంత పపైరస్ ముక్క. కాగితం పుట్టకముందు నీటిరెల్లు చీల్చి అతికించి చేసుకున్న రాతపత్రం. క్రైస్తవానికి ఇంకా గుడీ గోపురమూ లేని రోజుల్లో, ఎవరో ఒకరి ఇంట్లో పోగయ్యే సంఘాలకు పెద్దలు ఉత్తరాలు రాసేవారు. వాటిలో కొన్ని తర్వాత పవిత్ర గ్రంథంలో చేరాయి, మిగతావి మట్టిలో కలిసిపోయాయి. అలా పోయిన ఉత్తరం ముక్కే ఇది అన్నాడు భర్త. ఆయన విశ్వవిద్యాలయంలో ఆ చరిత్ర చెప్పే ప్రొఫెసరు. ఆమె గ్రంథాలయంలో అలాంటి పత్రాలను శుభ్రం చేసి, చదివి, వాటి కాలం తేల్చే ఉద్యోగి. ఇది అసలుదేనని ఆమె సంతకం పెడితే మ్యూజియం పెద్దమనిషి డబ్బిచ్చి తీసుకెళతాడు. కాసేపట్లో వస్తున్నాడు.

"ఈసారి నీ పేరొక్కటే ఉండాలి," అన్నాడు భర్త చేతులు తుడుచుకుంటూ. "నాది వద్దు. మొగుణ్ణి కదా, బాగుండదు."

ఆయన పుస్తకాలన్నిటికీ గ్రీకు మూలాలు సరిచూసింది ఆమె. ప్రతి ముందుమాటలోనూ ఆఖరి వాక్యం మాత్రం ఆమెకు దక్కేది, వేళకు టీ అందించిన ఇల్లాలికి కృతజ్ఞతలని. అలాంటి మనిషి తన పేరు వద్దంటున్నాడు.

ఆమె భూతద్దం తీసి ఆ గ్రీకు అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. "ఈ ఉత్తరం తెచ్చే మన సోదరి ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది, తొందరపెట్టకండి. ఆమె చదువుతుంది, వినండి. అర్థం కానిది ఆమెనే అడగండి." అక్కడితో చిరిగిపోయింది. ఆమె కళ్ళు మసకబారాయి. ఆ ఉత్తరాల్లో ఒకటి ఒక స్త్రీ చేతికిచ్చి పంపారని పండితులు ఒప్పుకుంటారు. మోసింది సరే, సభలో నిలబడి చదివిందా, అడిగినవాళ్ళకు అర్థం చెప్పిందా అంటే మాత్రం ఆధారం చూపమంటారు. ఆ ఆధారం కోసమే ఆమె ఇన్నాళ్ళూ చీకటి గదిలో దుమ్ము మింగింది. ఇంట్లో ఆ ఊసెత్తితే, "రెండు వేల ఏళ్ళనాటి ఆడవాళ్ళ సంగతి తర్వాత, ముందు ఈ పూట కూర సంగతి చూడు," అనేవాడు ఆయన. ఆఫీసులో పైఅధికారి అంతకంటే మర్యాదస్తుడు, ఆమె మాట్లాడినంతసేపూ గడియారం చూసుకునేవాడు. వాళ్ళందరి ముందూ ఈ ముక్క పెట్టి, అడగండి, ఇప్పుడు అడగండి అనాలనిపించింది. కలం మూత తీసింది కూడా.

అప్పుడు ఎడమకాలు గుర్తొచ్చింది.

ఏ పత్రంలోనూ లేదది. ఆడపడుచు పిల్లాజెల్లాతో దిగిన రోజుల్లో ఆమెకు మడమ బెణికింది. వాచిన ఎడమకాలు ఈడ్చుకుంటూ పొయ్యికీ బల్లకీ మధ్య తిరుగుతూ, ఏడుపు రాకుండా తనకు తాను పైకే చెప్పుకున్న కథ అది. ఆ సోదరి కూడా ఇలాగే కుంటుతూ వచ్చి ఉంటుంది, గుమ్మంలో ఉన్నవాళ్ళు తొందరపెట్టి ఉంటారు అని. అక్కడ పేపరు చదువుతూ ఊ కొట్టింది భర్త ఒక్కడే. ఊ కొట్టడమే గానీ వినడేమో అనుకుంది. విన్నాడు. కాపురంలో ఆయన చెవిన వేసుకున్న మాట అదొక్కటే కాబోలు.

"ఈ ఎడమకాలు ఎక్కడిదండీ?"

ఆయన బొంకలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "పత్రం పాతదే, రాతే కొత్తది. సిరా కూడా ఆనాటి పద్ధతిలో దీపపు మసితో చేసిందే. ఏ పరీక్షకైనా నిలుస్తుంది. నువ్వు నమ్మిందే కదా అందులో ఉంది?"

"నమ్మాను కాబట్టే వద్దంటున్నా. ఇది దొంగదని తేలిన రోజున, నిజంగా ఉత్తరాలు మోసినవాళ్ళని కూడా ఎవరూ నమ్మరు."

"తేలితే కదా." గొంతు ఎంతో మెత్తగా ఉంది. "తేలినా, వంటింట్లో నువ్వు చెప్పిన కథ నేను దొంగిలించానంటే ఎవరు నమ్ముతారు? నీ కోరిక నువ్వే రాసుకున్నావంటారు. అక్షరాలు చూశావా, నీ దస్తూరీయే. నువ్వు పాత గ్రీకు లిపి సాధన చేసి పారేసిన కాగితాలు చూసి రాయించా."

ఆమె మళ్ళీ గాజు మీదికి వంగింది. గుండ్రటి అక్షరాలు, కొంచెం కుడికి ఒరిగి. తనవే. నోరు విప్పితే దొంగ తనే, విప్పకపోతే దొంగకు సాక్షి. ఎటు తిరిగినా గోడే కనిపించేలా ఎంత ఓపిగ్గా కట్టాడో. తన మాటలతోనే, తన చేతిరాతతోనే కట్టాడు. ఆమెకు ఆయన మీద అసహ్యం వేసింది.

గంట మోగింది. అత్తగారు నవ్వుమొహంతో తలుపు తీసింది. మ్యూజియం పెద్దమనిషి ముందుగదిలో కూర్చుని, భర్త అందించిన అనువాదం ఒకటికి రెండుసార్లు చదివాడు.

"ఎవరో ఈ సోదరి, పాపం. పేరైనా తెలిస్తే బాగుండేది."

"చరిత్ర అంత తేలిగ్గా చెబుతుందాండీ," అని నవ్వాడు భర్త, ఆమె ముందుకు కలం జరుపుతూ.

ఆమె కలం ముట్టుకోలేదు. గాజుపలకలు రెండు చేతులతో ఎత్తుకుని లేచి నిలబడింది. అత్తగారు గబగబా వెళ్ళి వీధివైపు కిటికీ మూసింది. భర్త మెత్తటి గొంతుతోనే, "కూర్చో," అన్నాడు.

"ఆ సోదరిని నేనే, ఈ కథ మా వంటింట్లో పుట్టిందే," అంది ఆమె పెద్దమనిషితో. "ఇది నేను చదువుతాను, వినండి. అర్థం కానిది నన్నే అడగండి."