నూటపది రంపం, రెండొందల ముప్ఫై పౌరుషం

పడవను నీళ్లలోకి దింపే రోజు పొద్దున్నే మేస్త్రీ కోస్మోర్ శపథం పట్టాడు: పడవను నిలబెట్టిన ఊతకర్రల్లో తన వంతు కర్రను గొడ్డలితో కాదు, కరెంటు రంపంతో కోస్తానని. అమెరికాలోని బ్రూక్లిన్ నుంచి తమ్ముడు లింటన్ పీపాలో బియ్యానికీ సబ్బులకీ మధ్య కుక్కి పంపిన రంపం అది. విండ్‌వర్డ్ పేటలో అలాంటి పీపా రాని ఇల్లు లేదు. వచ్చిన సామాను కాలి కంపు కొట్టని ఇల్లూ లేదు. అక్కడి సరుకుది నూటపది వోల్టుల ప్రాణం. ఇక్కడ కారియకూ దీవి కరెంటుది రెండొందల ముప్ఫై పౌరుషం. ఇద్దరికీ రాజీ కుదిర్చే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె పేట మొత్తానికీ ఒక్కటే. అదిప్పుడు మేనల్లుడు కిమ్రన్ పాటల పెట్టెల కింద కొలువై ఉంది.

"ఆ పెట్టె రెండు నిమిషాలివ్వరా అల్లుడూ."

"పాట ఆపితే అది పడవ దింపుడు కాదు మామా, శవం దింపుడు. గొడ్డలి ఉందిగా?"

"మా తాతా గొడ్డలే, మా నాన్నా గొడ్డలే. నేనూ గొడ్డలేనా?"

"వాళ్ల పడవలు ఇంకా తేలుతున్నాయిగా!" అంది పెళ్లాం అయాంతి, మేక కూర కలుపుతూనే. "నీకు పీపాలో రంపం వచ్చింది, బుద్ధి రాలేదు. వచ్చే పీపాలో చూద్దాంలే."

ఒక పక్కనున్న ఊతకర్రలన్నిటినీ మేస్త్రీ కేక మీద, అందరూ ఒక్కో వేటుగా సమంగా నరకాలి. అప్పుడే పడవ మెల్లగా ఒరిగి, నిద్రకొచ్చిన బిడ్డలా దుంగల మీద పడుకుంటుంది. ఒక్క కర్ర ముందు తెగిందా, బరువంతా ఒకేచోట పడి పలకలు పగులుతాయి. రెండేళ్ల చెమట పొయ్యిలోకి పోతుంది. ఇదంతా బాగా ఎరిగినవాడు కోస్మోరే. ఎరిగి కూడా ఎగిరినవాడూ కోస్మోరే.

"కరెంటు రంపం కరెంటుకి భయపడుతుందా?" అంటూ రమ్ము కొట్టు నుంచి లాగిన తీగకు దాన్ని తిన్నగా తగిలించాడు.

మీట నొక్కగానే రంపానికి పూనకం వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు గొడ్డళ్లు ఎత్తేలోపే కోస్మోర్ కర్ర ముప్పావు తెగింది. పడవ కిర్రుమని ముక్కు వైపు వంగింది. మీట వదిలేద్దామంటే వేలు మాట వినలేదు. అంతలో రంపం చుర్రుమంది. పొగరు దిగి పొగ మిగిలింది. తాను చచ్చి పడవను బతికించిన మహానుభావురాలు!

"ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు కోస్మోర్. "నా కర్ర తెగినంత దాకా మీరంతా మీ కర్రలు నరకండి. కేకకి ఒక్క వేటు."

ఒక్కో కేకకీ పడవ మూలిగింది. మిగతా కర్రలు అతని కర్రతో సమానమయ్యాక అయాంతి వచ్చి మామగారి గొడ్డలి చేతికిచ్చింది. ఆఖరి కేకకి పడవ నిట్టూర్చి పక్కకు పడుకుంది. ఒక్క పలకా చిట్లలేదు. పేటంతా తాళ్లు పట్టి సముద్రంలోకి లాగేసింది.

అలల మీద అది నిటారుగా లేచాక కిమ్రన్ పాట ఆపాడు.

"మామా, పెట్టె ఖాళీ అయింది. కావాలా?"

"ఇటివ్వరా," అంది అయాంతి. "మీ మామ తలకాయకు తగిలిద్దాం. అక్కడా వోల్టులు ఎక్కువయ్యాయి."