ఆర్తి ముక్కుపుడక

మా అమ్మాయి ఆర్తి ఐదేళ్లప్పుడు మిద్దె మెట్ల మీంచి పడింది. గడ్డం మీది గాయం మానింది కానీ, దవడ కీలు ఎముకతో అతుక్కుపోయింది. దానికి పదిహేడేళ్లు వచ్చాయి. అప్పటికీ నోట్లో చిటికెన వేలు కూడా పట్టేది కాదు. ఇడ్లీని రసంలో పిసికి పళ్ల సందులోంచి పీల్చుకునేది. నిద్రలో వాంతి వస్తే నోరెలా తెరుస్తుందోనని నేను ఒక్కనాడూ కంటినిండా నిద్రపోలేదు.

దవడ ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు సుధాకరన్ పుదుచ్చేరి ఆసుపత్రిలో మా మంచం దగ్గరికి వచ్చారు. పాప మెలకువగా ఉండగానే ముక్కులోంచి గొంతులోకి ఊపిరి గొట్టం వేస్తామన్నారు. ముందు నిద్రపుచ్చండని బతిమాలాను. నిద్రలో ఊపిరి దారి మూసుకుపోతే, నోరు తెరిచి కాపాడే వీలు ఈ పాపకు లేదన్నారాయన. గొంతు తిమ్మిరెక్కే మందు వేసి, సన్నని కెమెరాతో దారి చూసుకుంటూ పోతారట. అంతసేపూ పాప తానే ఊపిరి పీలుస్తూ ఉండాలట.

తర్వాత ఒక్కో ముక్కు మూసి ఊపిరి వదిలించి చూశారు. ఎడమవైపు దూలం వంకర, గాలి ఆడలేదు. కుడివైపే వెళ్లాలి. అక్కడ ముక్కుపుడక ఉంది, మా ఇంట్లో మూక్కుత్తి అంటాం. దాన్ని తీసేయమని చెప్పి వెళ్లారు.

మా ఇళ్లలో ఆడపిల్ల ముక్కును బోసిగా ఉంచరు. పైగా అది విల్లియనూరు గుడిలో పెట్టించినది. మా అత్త జయమ్మాళ్ ఒప్పుకోలేదు.

"ఆపరేషన్ నాడు మూక్కుత్తి తీస్తారా ఎవరైనా? ఎడంపక్క పొమ్మను. యాడైతే ఏంది, ముక్కు ముక్కే గదా."

ఆర్తి బిగిసిన పళ్ల మధ్యనుంచే అడిగింది. "అవ్వా, నీకు మూక్కుత్తి కావాల్నా, నేను కావాల్నా?"

అన్నిటికీ భయపడే నేను, మిగతా భయాలన్నీ పక్కకు నెట్టి, బిడ్డ ఊపిరి ఒక్కటే పట్టుకున్నాను. పుడక మర బిగిసిపోయి ఉంది. కొబ్బరినూనె రాసి, గోళ్లు నొప్పిపుట్టేదాకా తిప్పి తీశాను. కొంగున ముడివేసుకున్నాను.

మర్నాడు థియేటర్ తలుపు దగ్గర ఆర్తితో ఒక్కటే చెప్పాను. "ఇన్నాళ్లూ ముక్కుతోనే బతికితివి. ఈపొద్దూ అదే పని, కన్నా."

మధ్యాహ్నం సుధాకరన్ బయటికి వచ్చారు. తాము చెప్పినట్టే పాప ఊపిరి పీల్చిందనీ, గొట్టం నేరుగా వెళ్లిందనీ, కీలు విడిపోయిందనీ చెప్పారు.

ఇప్పుడు నోరు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోంది. రోజూ పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పెట్టి దవడ సాగదీయకపోతే మళ్లీ అతుక్కుంటుందట. ఆర్తి ఏడుస్తుంది. నేను వదలను.

నిన్న అత్త మూక్కుత్తి సంగతి ఎత్తింది.

"నోట్లో మూడు వేళ్లు పట్టనీ అత్తా, నేనే పెడతా" అని, ఆర్తి పళ్ల మధ్య ఇంకో పుల్ల దూర్చాను.